ఉదజని

కరూ ఎడారిలో వాన పడక ఆరేళ్ళు.
గాలిమర తిరుగుతుంది, బోరులోంచి గాలే వస్తుంది.
ఆ ఎండు నేల మీద
వరసగా తెల్లటి పళ్ళేలు ఆకాశానికి పట్టి
నొమలాంగా కూర్చుంది,
ఎవరో వడ్డిస్తారన్నట్టు.

ఆమె వెతికేది హైడ్రోజన్.
పాత తెలుగు పుస్తకాల్లో దాని పేరు ఉదజని.
నీళ్ళను కనేది.
నాకు ఆ పేరే ఇష్టం.

చల్లటి వాయువు. దాని అల జానెడు.
కొత్తగా చేరిన పిల్లలకు చెయ్యి చాపి చూపిస్తుంది:
బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, ఇంతే.
సూర్యుడు పుట్టకముందు జానెడై బయల్దేరింది
ఇక్కడికొచ్చేసరికి మూరెడవుతుంది.
ఆ సాగినదంతా దారి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె కొలిచింది దాన్నే.

ఒకసారి, తెల్లవారుజామున మంచు పడే వేళ,
టిక్, టిక్, సెకనుకొకటి.
పల్సారన్నారు. పేరు కూడా పెట్టారు.
నాలుగో రాత్రి ఆమెకు అనుమానమొచ్చి
చేతి యాంటెనాతో చీకట్లో నడుచుకుంటూ పోతే
కొండ దిగువన గొర్రెల దొడ్డి, కరెంటు కంచె,
పగిలిన పింగాణీ గుండు ఒకటి.
ఖెర్ట్ అపోలిస్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు:
"ఇది నక్కల కోసం పెట్టిందమ్మా, మీ చుక్కల కోసం కాదు."
నక్కకూ నాకలోకానికీ ఎంత దూరమో
లోకమంతా చెబుతుంది గానీ
ఆ రాత్రికది బొటనవేలంత పగులు.

గుండు మారుస్తూ అడిగాడు,
గొర్రె పోతే కళ్ళు చూసి చెప్పేస్తాను,
గెలాక్సీ పోతే ఎలా తెలుస్తుంది?

"ఎర్రబడుతుంది. కొత్త చుక్కలు పుట్టవు.
పెద్ద మందలో పడిందంటే
అక్కడి వేడిగాలికి ఎదురు పరిగెత్తి
ఉన్న వాయువంతా వెనక్కి వదిలేస్తుంది."

అతను కంచె వైపు చూశాడు.
ముళ్ళతీగ పొడవునా ఉన్ని.

"దాహంతో పోతుందన్నమాట."
ఆమె కాదనబోయి, ఆగింది.

తర్వాతి వ్యాసం చివర కృతజ్ఞతల్లో
ఇద్దరు ప్రొఫెసర్ల కింద అతని పేరు.
సంపాదకుడు కొట్టేశాడు.
మళ్ళీ రాసింది. మళ్ళీ కొట్టేశాడు.
మూడోసారి వ్యాసమే వెనక్కి తీసుకుని
ఇంకో పత్రికకు పంపింది.

రిటైరైన రోజు ఉపన్యాసాలయ్యాక
డీజిలు బండిలో కంచె దాకా వెళ్ళింది.
ఖెర్ట్ లేడు, పోయి రెండేళ్ళు.
గొర్రెలు ఎవరివో.
తీగకు పట్టిన ఉన్ని కొంచెం ఊడదీసి
అరచేతి మీద సాగదీసి చూసింది.
జానకు తక్కువే.
కోటు జేబులో వేసుకుంది.