నేటి ధర

నెల్లిమర్లలో జూట్ మిల్లుకి తాళం పడ్డాక
గోగునార ధర అడిగే నాథుడు లేడు.
కమీషన్ కొట్లో రోజూ బోర్డు రాసేవాణ్ణి నేనే.
కొట్టు మూసేసినా పలక నాకు మిగిలింది.
దాని మీద సరుకు పేరొక్కటి తుడిచి, కొత్తది రాసి,
ఫోటో తీసి ఇంటర్నెట్లో వేలాడదీశాను.

సరుకు: ఓటు.
రకం: లేతది, మొదటి కోత.
రకం: ముదురు.
రకం: చెన్నై వలస. బస్సు కిరాయి కొన్నవారిదే.
తేమ: ముందురోజు రాత్రి తాగినదాన్ని బట్టి.
తరుగు: వీధి మేస్త్రీ చేతిలో వందకి ఇరవై.
నేటి ధర: రెండు వేలు.

అడుగున ఒక మీట.
నొక్కితే పేరుతో సహా రశీదు వస్తుంది,
'ఒకసారి అమ్మిన సరుకు
అయిదేళ్ల వరకు వాపసు తీసుకోబడదు.'

మొదటి రాత్రంతా నవ్వులే.
తెల్లారకుండానే గేదెల ఎర్నమ్మ ఫోను:
"బావూ, నీ పలక మీద రెండేలని రాసినావు,
మా ఈదిలో పదిహేనొందలే పంచినారు.
మిగతా అయిదొందలూ ఏటైపోనాయి?"
"అది వెక్కిరింతమ్మా" అన్నాను.
"ఎవుల్ని?" అంది.

ఫోను చెవి దగ్గరే ఉంది.
నాకు మాట రాలేదు.

ఆ మధ్యాహ్నం ఎవరో మేస్త్రీ,
తన వార్డు ధర ఒక వంద తగ్గించి రాయమని బతిమాలాడు.

మూడోనాడు జీపు వచ్చింది.
కోడ్ అమల్లో ఉందట,
ముందస్తు అనుమతి లేని బొమ్మట.
వాళ్లు నా పలక కొలతలు రాసుకుంటుండగా
చంపావతి వంతెన మీద పాలవ్యాను
ఆగకుండా వెళ్లిపోయింది.
ఆ వేళప్పుడు ఏ ఊళ్లోనూ పాలు పితకరు.

ఖర్చు లెక్క చూపమన్నారు. చూపించాను:
సుద్దముక్కలు, అయిదు రూపాయలు.
సంతకం పెట్టాను. పేజీ తీసేశారు.

పోలింగు అయిన మర్నాడు
వేలి మీద సిరా ఆరకుండానే ఎర్నమ్మ వచ్చింది.
కొంగుముడిలో నా రశీదు, నాలుగు మడతలు.
దాన్ని నాయుడుగారి అరుగు మీద పరిచి,
"అచ్చులో ఉంది సూడండి" అని
అయిదొందలూ రాబట్టిందట.

ఒక యాభై నోటు నా చేతిలో కుక్కి
"నీ కమీసను" అంది.

వద్దని గట్టిగానే అన్నాను, గుర్తుంది.
నోటు మాత్రం పలక వెనకాలే ఉంది.
లెక్కలో ఇంకా రాయలేదు.