ఖాళీ గడి

ఆ రాత్రి మూసీ నది లెక్క లేదు,
తాళం పగలగొట్టుకొని ఇంట్లకొచ్చిన మనిషి లెక్కుండె.
పడవలు నాలుగు. మేం పందొమ్మిది మందిమి.
ఇరవయ్యోడు కెప్టెన్ బెళ్ళియప్ప,
కొడగు పిలగాడు, ఇరవై ఆరేండ్లు,
మీసం ఇంకా మాట వినకపోయేది.

నా వీపు మీద రేడియో సెట్టు.
సెట్టంటే బరువు కాదు సార్,
తిరుమలగిరిల కుర్చీల కూసున్న కర్నల్ గొంతును
వెన్నుపూస మీద మోసుడు.

తిరుమలగిరెంత దూరం?
మామూలు రోజైతే ఒక్క బస్సు మారితే చాలు.
నేను లేహ్‌ల చేసిన, తవాంగ్‌ల చేసిన.
మంచుకు రెండు నెలలు తొవ్వ మూసుకపోయిన పోస్టుల
పొద్దుగూకంగనే పైవాళ్ల గొంతు విన్న.
దూరం అక్కడ లేకుండె.
మూసారాంబాగ్ వంతెన దాటినంక ఉండె,
మా చెల్లె ఆటో దిగి సీతాఫలాలు బేరమాడే జాగల.

గల్లీ చివర ఒక ఫంక్షన్ హాలు.
దాని ప్రహరీ పన్నెండడుగులు,
నీళ్లను రొమ్ముతోని ఆపి నిలవడ్డది.
ఇవతల డాబాల మీద నలభై ఒక్క పానం, ఒక మేక.
గోడ కూలిస్తే నీళ్లు పోతయి.
ఎటు పోతయో
చీకట్ల ఎవ్వరికీ కనపడలె.

"పర్మిషన్ అడుగు," అన్నడు కెప్టెన్.
పిలిచిన.
చాటల బియ్యం చెరిగినట్టు చప్పుడు.
మళ్ల పిలిచిన. మళ్ల చెరిగిన్రు.

రెండు గంటల నలభైకి
చెరిగే చేతులు ఆగినయి.
బియ్యంల రాళ్ల లెక్క, తేటగ, మూడు మాటలు:
గోడ ముట్టొద్దు. కలెక్టర్ను అడుగుతున్నం. ఆగండి.

టార్చి నా మొఖం మీదికి తిరిగింది.
"ఏమన్న వచ్చిందా హర్యా?"

ఎదురు డాబా మీద ఒకామె
పిలగాణ్ణి బట్టలుతికే టబ్బుల పెట్టి
టబ్బును చున్నీతోని నడుముకు కట్టుకుంటున్నది.
ముడి రెండుసార్లు జారింది.
అది చూసుకుంటనే అన్న:
"లేదు సాబ్. ఉత్త గాలి."

ఆయన జరసేపు మాట్లాడలె.
అంతసేపు ఫౌజు మొత్తం ఆయనొక్కడే.
చట్టం, ఢిల్లీ, జనరళ్లు, వాళ్ల భుజాల మీది చుక్కలు
అన్నీ తడిసిన ఒక్క చొక్కల ఇరుక్కొని
చలికి వణికినయి.
"కొట్టున్రి."

సమ్మెట దెబ్బలు లెక్కవెట్టిన. డెబ్బై రెండు.

నలభై ఒక్కరు దిగిన్రు. మేక గూడ.
కింది గల్లీల మునవ్వర్ మియా కార్ఖానా కొట్టుకపోయింది,
తొమ్మిది మగ్గాలు, ఎవరెవరివో పెండ్లి చీరెలు.
తెల్లారి బురదల కూసొని
జరీ పోగులు ఒక్కొక్కటి ఏరి
మోకాలు మీద సాపు చేస్తున్నడు.

ఎంక్వైరీకి ఆయనొచ్చిండు. పైసల మాట ఎత్తలె.
"హుకుం ఎవరిచ్చిన్రు?"
"నేను," అన్నడు బెళ్ళియప్ప.
కర్నల్ నా లాగ్‌బుక్కు తిప్పిండు.
రెండు నలభై ఎదురుంగ ఖాళీ గడి.
అవతలి సెట్టు పుస్తకంల అదే నిమిషం నిండుగున్నది.
రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి
చానాసేపు చూసి
తప్పు వాన మీదేసి ఫైలు కట్టిన్రు.
కెప్టెన్ కాయితాలల్ల మాత్రం ఒక ఎర్ర గీత వడ్డది.
మునవ్వర్ మియా ప్రశ్నకు
సగం జవాబే దొరికింది. మిగిలిన సగం నా కాడుంది.

బదిలీ మీద పోతూ, సికింద్రాబాద్ స్టేషన్ల,
కెప్టెన్ నా భుజం తట్టి
"ఆ రాత్రి గాలి బాగ పనిచేసింది హర్యా" అన్నడు.
తెలిసి అన్నడో, ఊకెనే అన్నడో,
అడుగుదామనుకునేసరికి రైలు కదిలింది.

ఇప్పుడు అల్వాల్‌ల అపార్ట్‌మెంటు గేటు కాడ ఉంటున్న.
చేతిల చిన్న వాకీటాకీ.
ఏ కారుకు గేటు తియ్యాల్నో
సెక్రటరీ సారు ఐదో అంతస్తు నుంచి చెప్తడు.
వాన పడితే అండ్ల గూడ బియ్యం చెరుగుతరు.
గేటవతల ఎవరో హారన్ కొడ్తరు,
లోపల లైటు వేస్తే ఒక ముసలామె, కట్టుకట్టిన కాలు.
అప్పుడు గేటు నాది.
గొళ్లెం మీద
వేళ్లు జర వణుకుతయి.