పదకొండో కాలమ్

మొదటి ఉత్తరం జూన్‌లో రాశాను.
"కమాండింగ్ ఆఫీసర్ గారికి,
ఎచ్చెర్ల ఐటీఐ, ఎలక్ట్రానిక్స్ పిల్లలు పంతొమ్మిది మంది
ఒక్క వారం మీ వర్క్‌షాపులో
చూసి నేర్చుకోడానికి..."
జవాబు లేదు.
రెండోది రిజిస్టర్డ్ పోస్టు.
మూడోది, ఎవరిదో పెళ్లి బంతిలో నా పక్కన కూర్చున్న
రిటైర్డ్ పెట్టీ ఆఫీసర్ చెప్పినట్టు
పైన రెఫరెన్సు నెంబరు వేసి రాశాను.
వైజాగ్ బేసులో విమానం కన్నా ముందు
రెఫరెన్సు నెంబరే లేస్తుందని అప్పుడు తెలిసింది.

సెప్టెంబరులో ఫారాలొచ్చాయి.
మనిషికి నాలుగు కాగితాలు, మూడు ఫొటోలు,
ఎస్సై సంతకం.
పిల్లలు బెంచీల మీద వంగి
ఒంటి మీద పుట్టుమచ్చలు వెతుక్కున్నారు.
"మచ్చ లేనోడు పనికిరాడేటి సార్?"
అన్నాడు గొర్లె తవిటినాయుడు.
మోచేతి మీద సైకిల్ చైను గాటు రాసుకోమన్నాను.

పదకొండో కాలమ్ దగ్గర
సూరాడ నూకరత్నం పెన్ను ఆగిపోయింది.
విదేశాల్లో బంధువులున్నారా?
ఉంటే పేరు, వృత్తి, చిరునామా.

ఆ పిల్లది సముద్రం ఒడ్డు ఊరు.
తండ్రి వెరావల్ బోట్ల మీద కూలికెళ్లాడు.
నీళ్ల మీద గీత ఎక్కడుందో
వలేసేవాడికి చేప చెప్పదు.
పధ్నాలుగు నెలలుగా కరాచీ జైల్లో.
"ఏటి రాయమంటారు సార్?
మా అయ్యకి అడ్రసుంది."
బ్యాగులోంచి మడతలు నలిగిన ఉత్తరం తీసింది,
బారక్ నెంబరుతో సహా.

లేరు అని రాసేస్తే సరిపోను.
ఆ రెండక్షరాలు నా నోట్లో సిద్ధంగానే ఉన్నాయి.
గుంట నా మొహంలోకి చూసింది.
నేను నోరు తెరిచేలోపే గబగబా రాసేసింది:
తండ్రి. సూరాడ ఎర్రన్న. చేపలవేట. జైలు.
అది నొక్కిన నొక్కుడికి
కింద కాగితం మీద కూడా
జైలు అచ్చు పడింది.

డిసెంబరులో అనుమతి వచ్చింది,
పద్దెనిమిది మందికి.
పంతొమ్మిదో పేరుకి ఎదురుగా
"పరిశీలనలో ఉంది."
అందులో కోపం లేదు, కనికరమూ లేదు,
స్కేలు పెట్టి కొట్టిన గీతలా ఉంది.
ఫోన్ చేశాను.
"అర్థం చేసుకోండి మాస్టారూ" అంది
అవతల మర్యాదైన గొంతు.
అర్థమైంది. అవకపోయుంటే
కాసేపు కేకలేసేవాణ్ణి.

గేటు దగ్గర ఫోన్లన్నీ గోనెసంచిలో వేశాం.
లోపల, తార్పాలిన్ ముసుగేసుకున్న ముక్కొకటి చూశాం,
విప్పి పరిచిన ఇంజను,
నెంబర్లేసిన స్పానర్లు.
సాయంత్రం లెక్కకి ఒక్కటి తగ్గినా
ఏ విమానమూ కదలదట.
మా తవిటినాయుడు ఆ మాట విన్నప్పట్నుంచీ
చేతులు జేబుల్లో పెట్టుకోవడం మానేశాడు.
ఎగరడం మాత్రం చూళ్లేదు.
రోజూ రెండింటికి లేస్తుందట.
రెండింటికి మేం క్యాంటీన్లో
పప్పుచారు దగ్గరుండేవాళ్లం.

సోమవారం రికార్డు పుస్తకాలు బల్ల మీద పెట్టమన్నాను.
పంతొమ్మిది వచ్చాయి.

"మంగళవారం. 2 గం. 11 ని.
మా రేవు మీదుగా, దక్షిణం నుంచి.
రెండు ఇంజన్లు. పొట్ట కింద గుండ్రటి బుడిపె,
రాడార్ అయ్యుండాలి.
కనబడింది నాలుగు నిమిషాలు.
మా అమ్మ చేపలు తిరగేస్తా తలెత్తలేదు.

బుధవారం. 2 గం. 09 ని. ఇంకా కిందుగా వచ్చింది.
చక్రాలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.
కాకులు లేచిపోయాయి.

గురువారం మబ్బు. చప్పుడే వచ్చింది.
చప్పుడు కూడా రాశాను.

శుక్రవారం. 2 గం. 15 ని.
సముద్రం మీదికి బాగా లోపలికెళ్లి
అక్కడెక్కడో తిరిగి వచ్చేసింది.
గీత ఎక్కడుందో దానికి తెలుసు."

ఇరవైకి ఎంత వెయ్యాలి?
ఎర్రపెన్నుకి మూత పెట్టేశాను.
నల్లపెన్ను తీసి
నాలుగో ఉత్తరం మొదలెట్టాను,
ఈసారి ఒక్క పేరుతో.
ముందుగా, పైన,
రెఫరెన్సు నెంబరు వేశాను.