అయస్కాంతం జారిన చోట

పొద్దున్నే చూస్తానన్నాను.
ఇంజను చల్లగా ఉండాలి.
ముందే వేడెక్కించి పెట్టినవాడి బండి
ముందే ఏడ్చి వచ్చిన సాక్షిలాంటిది.

పాతపట్నం నుంచి లోకనాథం వచ్చాడు
తన పికప్పు బండి తనే తోలుకుని.
అదిచ్చి, పైన ఎనభై వేలు పెట్టి
పర్లాకిమిడి సాహుగారి కాంటెస్సా పట్టుకుపోవాలని.
పెళ్లికొడుకులు ఇప్పుడు పాత బళ్లే అడుగుతున్నారట.

బింబాధర్ సాహు షెడ్డులో, పసుపు బస్తాల మధ్య
పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు,
ఎండుమిరప ఎరుపు.
నిలబడి కూడా ఎవరినో తరుముతున్నట్టుంది.
లోకనాథం కిళ్లీ నమలడం మరిచిపోయాడు.
అక్కడే పదివేలు పోగొట్టుకున్నాడు.

మా తాత ఎడ్ల సంతలో బేరగాడు.
తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు.
పళ్లు చూసి, సుళ్లు చూసి,
చివరికి ఎద్దును పదడుగులు వెనక్కి నడిపించేవాడు.
ముందుకి ఏ ఎద్దయినా బాగానే నడుస్తాదిరా, అనేవాడు.

బోనెట్టు ఎత్తాను.
గ్రీజు తుడిచి, ఇంజను నంబరు
ఆర్సీ పుస్తకంతో అంకె అంకె కలిపి చూశాను.
పుట్టినప్పటిదే. మార్చలేదు.
ఆయిలు పుల్ల తీసి వేళ్ల మధ్య రాశాను.
నలుపే గాని ఇసక తగల్లేదు.
స్టార్టు చేస్తే కాస్త నీలం పొగ, ముసలాయన పొద్దుటి దగ్గు,
ఆ తర్వాత నిమ్మళం.
కాళ్ల కింద పట్టా ఎత్తితే అరచేయంత తుప్పు.
వెనక లైటు అద్దం అతుకు. అది ఇంక దొరకదు.
డోరు వేస్తే మాత్రం
భోషాణం మూత పడ్డట్టు పడింది.

అప్పుడు జేబులోంచి అయస్కాంతం తీశాను.
పాడైన స్పీకరుది. గుడ్డముక్కలో చుట్టుకుని తిరుగుతాను.
రేకుంటే పట్టుకుంటుంది, పుట్టీ ఉంటే జారుతుంది.
దానికి ఒడియా రాదు, తెలుగు రాదు,
మొహమాటం అసలే రాదు.

టాపు పట్టింది. డిక్కీ పట్టింది.
కుడివైపంతా పట్టింది.
ఎడమ ముందు మడ్‌గార్డు, చక్రం పైన,
జారి నా చెప్పు మీద పడింది.

మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.
గోరుతో కొడితే పచ్చికుండ పలికింది.
వంగి లోపలివైపు చెయ్యి పోనిచ్చాను.
తారు కింద ఒక సొట్ట,
బొటనవేలు నొక్కిన గుర్తు, కొన లేని వేలు.
నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది.

ఇరవయ్యేళ్ల కిందట బరంపురంలో
ఎవరో కంట్రాక్టరు నల్ల కారు.
తప్తపాణి ఘాటీలో చెట్టుకి గుద్దాడు.
రెండు రోజుల్లో అమ్మాలి, తెలీకూడదు, అన్నాడు.
రాత్రంతా నీటికాగితంతో రుద్దాను.
ఆ డబ్బుతోనే కంప్రెసరు కొన్నాను.
ఇప్పటికీ గుడగుడమంటూనే ఉంది.

సిగ్గు రావాలి. ముందు గర్వం వచ్చింది.
ఇన్ని వానలు పోయినా వెంట్రుకంత పగులు లేదు!
పైన పటారం, లోన లొటారం అంటారు గానీ
పటారం పెట్టడం ఎంత కష్టమో ఎవరికి తెలుసు.

"ఏటి మేస్త్రీ, నచ్చలేదా?"
"ఎడమ మడ్‌గార్డు దెబ్బతిన్నాది. లోన రెండు కిలోల పుట్టీ.
ఇరవై వేలు కొట్టెయ్. ఇంజను బంగారం."

సాహు మొహం వాడిపోయింది.
నాకు ఎవరూ చెప్పలేదే, అన్నాడు,
ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో.
ఆయన కొన్నది ఆ రంగునే.
లోకనాథం ఆ పని చేసినవాడి తల్లిని తలుచుకుని
ఒక మాట అన్నాడు.
నేను చెప్పు దులుపుకున్నాను.

ఎనభై, అరవై అయింది.
కాగితాలు, ఎన్‌వోసీ, మూడు టీలు.
కారు మహేంద్రతనయ వంతెన వైపు ముక్కు తిప్పాక
అద్దం దించి పిలిచాడు లోకనాథం:
"ఆ రేకు పని నువ్వే చెయ్యాల మేస్త్రీ.
చేసినట్టు తెలీకూడదు, అంతే."

గురువారం తెమ్మన్నాను.