యాభై నాలుగు మెట్లు

కొట్లోకొచ్చిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది
ఎంత దూరం పోతుంది అని.
ఆవిడ అడగలేదు.
గొడుగు గోడకి ఆనించి
వరసలో మొదటి బండిని,
సీటు కింద ఒక చెయ్యి, హ్యాండిల్ కింద ఒక చెయ్యి,
జానెడు పైకి లేపింది.
కళ్ళు మూసుకుని, పెదాల్తో ఏదో లెక్కపెట్టి
దించేసింది.

"ఇరవై ఆరు కిలోలు" అన్నాను గర్వంగా,
"జర్మన్ మోటారు, నూట ఇరవై కిలోమీటర్లు,
కొండలైనా సరే వెన్నలో కత్తిలా..."
"మా బిల్డింగుకి లిఫ్టు లేదబ్బాయ్" అంది.
"మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు.
మీ మోటారు మెట్లెక్కుతుందా?"

పంతొమ్మిదేళ్ళుగా అమ్ముతున్నాను
మారిబోర్‌లో, ఈ ద్రావా ఒడ్డున.
ఆ ప్రశ్నకి నా దగ్గర బ్రోచరు లేదు.

పేరు జ్దెంకా.
సంగీతం బళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు అకార్డియన్ నేర్పిందట.
పదకొండు కిలోల పెట్టె
బస్సుల్లో, మంచులో,
ఎవరి పెళ్ళిలోనో వాయించి అర్ధరాత్రి తిరిగొస్తూ...
"బరువు కాగితం మీద చదివితే తెలిసేది కాదు,
నలభయ్యో మెట్టు మీద తెలుస్తుంది."

ఒక్కొక్కటే ఎత్తి చూసింది.
ఇరవై నాలుగు. తల అడ్డంగా ఊపింది.
ఇరవై రెండు. "ఇది తాగి పడిపోయిన మా మరిది."
మడతపెట్టేదొకటి ముద్దుగా చూపించాను.
"చూపుకి మేకపిల్ల, ఎత్తితే ఎద్దు."
పదమూడు కిలోల కార్బన్ దాన్ని ఎత్తి
మొదటిసారి నవ్వింది.
ధర చీటీ తిప్పి చూసి
నిద్రపోయిన పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లగా
నేలమీద పెట్టింది.

సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
అందులో పదమూడు వందల యూరోలు,
శనివారాలు ఎవరెవరి పిల్లల చేతో
తప్పుడు స్వరాలు దిద్దించిన డబ్బు.
నోట్లకింకా దాల్చినచెక్క వాసన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు
వెనక గదిలో, గాలిపంపుల అట్టపెట్టెల చాటున
రెండేళ్ళుగా నిలబడ్డ ఆవపిండి రంగు బండి.
గేర్లు లేవు. తెర లేదు. ఉన్నది ఒక్క బొత్తాం.
బ్యాటరీ మంచినీళ్ళ సీసా అంత.
నలభై కిలోమీటర్లు దాటదు.
చూసినవాళ్ళంతా పెదవి విరిచి పోయారు.
పదహారు కిలోలు.

ఎత్తింది.
పెదాలు చాలాసేపు కదిలాయి.

"ఇంతకీ ఎక్కడికి వెళ్తారు?"
"ఎక్కడికీ కాదు.
లింబుష్ దాటాక నది వంపు దగ్గర ఒక బెంచీ ఉంది.
కూర్చుని యాపిల్ తిని రావాలి."
నలభై కిలోమీటర్లకి
అలాంటి యాపిళ్ళు దాదాపు మూడు పడతాయని
మనసులో లెక్కగట్టాను.

చినుకుల్లోనే వీధి చివరిదాకా తొక్కి చూసింది.
వంతెన ఎక్కేచోట
ఒక్క క్షణం ఆవిడ భుజాలు ఉలిక్కిపడ్డాయి.
తిరిగొచ్చి అంది:
"తిత్తి తెరుచుకున్నట్టే ఉంది.
నేను లాగినంతే లాగుతోంది,
నా పాటని మింగెయ్యడం లేదు."

యజమానికి ఫోన్ చెయ్యకుండానే
పన్నెండు వందల ఎనభై అన్నాను.
"మరి తాళం?"
తాళం ఊరికే ఇచ్చాను.

ఏప్రిల్లో ఒక ఆదివారం
నా ఇరవై ఆరు కిలోల బండి మీద
ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతుంటే
ఆవపిండి రంగొకటి ఎదురొచ్చింది.
బొత్తాం దగ్గర దీపం వెలగడం లేదు.
"చార్జింగ్ అయిపోయిందా?" అరిచాను.
"లేదు లేదు, ఇక్కడ చదునేగా,
ఎందుకు దండగ!"
బుట్టలో రెండు యాపిళ్ళు దొర్లుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి
నా బండిని ఎత్తి చూశాను.
మేముండేది కింది అంతస్తే. అయినా
నలభై దాకా లెక్కపెడదామనుకున్నాను.
పదిహేడు దగ్గర
దించేశాను.