ఎడమ చెంప మీది మచ్చ

దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో పిల్లర్ల పక్క సందులకొస్తె
సెల్లార్ల మా షాపు.
రిజల్టు వచ్చిన రాత్రి మాకు నిద్రుండదు.
పెన్‌డ్రైవుల మొఖాలొస్తయి,
హాల్‌టికెట్ ఫోటోలు, బెదిరిన కండ్లు,
కొన్నైతె సగం మూసుకపోయిన కండ్లు.
వాటిని తెరిపిచ్చుడు నా పని.

మొటిమలు తీస్త. చెదిరిన జుట్టు సవరిస్త.
కంటి కింది నలుపు మాత్రం మొండిది,
రెండేండ్లది, ఒక్క గీకుడుకు పోదు.

నా దగ్గర ఒకటే తెల్లకోటున్నది.
పదకొండేండ్ల కింద యాడికెల్లో దింపుకున్న,
స్టెతస్కోపుతోని సహా.
ఈ ఊర్ల ఎంతమంది పిల్లల మెడల కింద అతికిచ్చిన్నో
లెక్క లేదు.
కోటు మారదు. గుండీ ఊడిన జాగ గూడ అదే.
మెడలే మారుతయి.

నిరుడు పొద్దుగాల ఏడింటికి, షటర్ సగమే లేపిన,
వంగి లోపలికొచ్చిందొక పిల్ల.
మాసాని రుత్విక.
పేరు చెప్పకముందే గుర్తువట్టిన,
రాత్రంత ఆ మొఖంతోనే ఉన్న గద.
రాష్ట్రంల ఏడో ర్యాంకు, నలభై అడుగుల మీద.

"అన్నా, నా మచ్చ ఏది?"

ఎడమ చెంప మీద, చింతగింజంత.
నేనే తీసిన. మూడు నొక్కుళ్లు.
ఐదో తరగతిల ఖాజాగూడ గుట్ట మీదికెల్లి జారి పడ్డదట.
నెత్తురు తుడుసుకోకుంట
ఆ రాయినే చూసుకుంట కూసున్నదట,
ఇంత నున్నగ ఎట్లైంది,
ఎవలు పెట్టిన్రు ఒకదాని మీదొకటి అని.
"రెండు వందల యాభై కోట్ల ఏండ్లు అన్నా దాని వయసు.
ఉస్మానియాల దాని గురించే చదివే కోర్సున్నది."
"మరి చదువు" అన్న.
నవ్వింది.
"ఏడో ర్యాంకొచ్చినోళ్లు రాళ్లు గొట్టుకుంటరా అంటున్నరు.
కోటు వద్దని ఎవ్వరికి చెప్పలేను.
మచ్చైతె పెట్టు."

పెట్టిన. ఒక్క ఫ్లెక్సీల.
కొత్తపేట చౌరస్తకు పోయింది అది.
మధ్యాహ్నానికి కాలేజీకెల్లి ఫోను:
ఆ మరకేంది, మా పైసలు వాపస్ అని.
సాయంత్రం వానకు అదే ముందు ఊడింది.
ఇప్పుడది మిర్చిబండాయన నెత్తి మీద కప్పు,
తలకిందులుగ రుత్విక,
నూనె పొగకు మచ్చ ఇంకింత నల్లబడ్డది.

పొయ్యేటప్పుడు సంచిలకెల్లి తీసి
ఒక రాయి పెట్టిపోయింది టేబుల్ మీద.
గులాబి రంగు, నడుమ మెరుపులు.
బిల్లులు ఎగురకుంట పెడ్త దాన్ని.

మావోడు ఆరో తరగతి.
నోటుబుక్కు ఎనక పేజీలల్ల పిట్టల బొమ్మలేస్తడు.
అదే కాలేజోళ్ల ఫౌండేషన్ల చేర్పిచ్చిన,
ఫీజు సగం తగ్గిచ్చిన్రు, ఫ్లెక్సీలు కొట్టేది నేనే గద.
మొన్న మీటింగుల ఆ పేజీలు చింపి నా చేతికిచ్చిన్రు.
మడిచి జేబుల పెట్టుకున్న. ఏమనలె.

నిన్న రాత్రి పని తక్కువున్నది.
ఊకెనే, చూద్దామని,
వాని ఫోటో తెరిచి కోటు తొడిగిన.
మస్తు కుదిరింది.
భుజాల కాడ జెర వదులు, గంతే.

సేవ్ చెయ్యాల్నా అని అడిగింది కంప్యూటర్.
అడుగుతనే ఉన్నది.
రాయిని అటు తిప్పిన, ఇటు తిప్పిన.
చాయ్ తాగొస్త అన్న, ఎవలతోని అన్ననో,
బయటికొచ్చి నిలవడ్డ.
పిల్లర్‌కు కట్టిన నిరుటి తాళ్లు
గాలికి ఊగుతున్నయి.