చెరుకు తాగే ఇంజను

మలక్‌పేట గంజు ఎనుక గల్లిల నా చెరుకు బండి.
ఎద్దు లేదు, గానుగ లేదు,
మోకాలెత్తు పెట్రోలు ఇంజనొకటి.
తాడు గుంజితే దగ్గుతది
ఇంకోపాలి గుంజితే తిడతది
మూడోపాలికి లేస్తది.

ఈ ఏడు శివరాత్రి దాటినంక
బర్కం ఇప్పి, దుమ్ము దులిపి, పసుపు బొట్టు వెట్టి
తాడు గుంజిన.
ఇరవైపాల్లు గుంజిన.
నా భుజం గుంజింది గాని అది లేవలే.
ట్యూషన్‌కు పోయే పిల్ల ఇరవై రూపాయల నోటు
మడత మీద మడత వెడుతూ
"ఆంటీ, పోవాల్నా?" అన్నది.
పొమ్మన్న.

ఇగ తలా ఓ మాట.
పుచ్చకాయల సాంబశివుడు:
"సౌక పెట్రోలు వోస్తే గిట్లనే అక్కా.
పిరందుంటది, పెద్ద కార్లల్ల వోసుకునేది,
అది వొయ్యి, గుర్రం లెక్క ఉరుకుతది."
మా ఆడిబిడ్డ: "జర గాసునూనె కలుపు."
ఆటో అన్వర్: "ఇంజన్ ఆయిల్ కలుపు,
నా పాత లూనాకు గట్లనే కలిపేది."
ఇంజనుకు నోరుంటే
అదేం కావాలనేదో.

పిరందే తెద్దామని చాదర్‌ఘాట్ బంకుకు వోయిన.
ప్లాస్టిక్ బాటిల్ చూసి పిలగాడు
గోడ మీది బోర్డు చూపిచ్చిండు.
మళ్ల ఇంటికొచ్చి రేకు క్యాను తీస్కపోయిన.
లీటరు పెట్రోలుకు
ఎనిమిది గ్లాసుల రసం పైసలు.
పొయ్యంగనే మెరిసింది.
తాడు గుంజిన.
దగ్గు సుత లేదు.

ఆటోల ఒడిల వెట్టుకొని
దవాఖానకు పోరణ్ణి తీస్కపోయినట్టు
రాణిగంజు తీస్కపోయిన.
ముస్తఖీమ్ భాయ్, అద్దాల కాడకు దారం కట్టుకున్న ముసలాయన,
మొదలు ఇంజను చూడలే. మూత దీసి వాసన చూసిండు.
కార్బురేటర్ గిన్నె ఇప్పి
చాయ్ గ్లాసుల ఒంపిండు.
పైన పసుపుపచ్చగ ఒక పొర,
అడుగున తెల్లగ ఇంకో పొర.
"కిందిది నీళ్లమ్మా.
పోయిన వానకాలం టాంకీల ఎంత ఇడిసినవ్?"
సగం ఉండె, అన్న.
పారబోస్తే పాపమనుకున్న.

"ఇప్పటి పెట్రోల్ల అయిదో వంతు స్పిరిట్.
గాలిల తడిని గుంజుకుంటది.
నెలలకు నెలలు పండవెడితే
నీళ్లయి అడుగుకు దిగుతది, జిగటయి రంధ్రం మూస్తది.
దాని మీద నువ్వు అత్తరు వోసినా ఏం లాభం?"
స్పిరిట్ ఏడికెళ్లి వస్తది భాయ్, అన్న.
"చానా మటుకు చెరుకుల కెళ్లే" అన్నడు
స్క్రూ నోట్ల వెట్టుకొని.

నవ్వొచ్చింది నాకు. ఆపుకోలేకపోయిన.
పద్నాలుగేండ్ల సంది
చెరుకు పిండుమని నేను దానికి జెప్తున్న,
అది మూతి తుడుసుకొని
చెరుకే తాగుతున్నదా!

"దీని గుండె నెమ్మది. ఒత్తిడి తక్కువ.
పెద్ద కార్ల పెట్రోలు దీనికి దండుగ.
మామూలుదే వొయ్యి, తాజాది వొయ్యి,
వారానికెంతో గంతే.
ఆయిల్ టాంకీల కలపకు,
ఆయిల్‌కు కింద వేరే కడుపున్నది.
వాన మొదలైతే, బండి కట్టేసే ముందు
ఆఖరి సుక్క దాంక తాగనియ్యి. బస్."

వచ్చేటప్పుడు ఆటోల అదే యాది.
రసం సంగతి నాకెరుకలేనిదా?
పిండిన గడియల తాగాలె,
అరగంటకు రంగు తిరుగుతది
పూట దాటితే పులుస్తది.
నిన్నటి గ్లాసు
ఏ గిరాకికీ ఎన్నడియ్యలే నేను,
దీనికి మాత్రం
నిరుటిది వోసిన.

మిరుగు పొద్దు. మూసీ దిక్కు మబ్బు వట్టింది.
పెట్రోలు చావి బంద్ జేసి
ఇంజనును దానంతట దాన్ని ఉరకనిచ్చిన.
మిగిలిన నాలుగు గడలు, ఇంత అల్లం, సగం నిమ్మకాయ.
శబ్దం సన్నగయింది,
ఒకపాలి ఎగవోసింది, మళ్ల తేరుకున్నది,
మళ్ల...
గల్లిల ఎవరి కుక్కరో ఈల ఇనవడ్డది.

ఆఖరి గ్లాసు
సీజన్ల తొలిసారి
నేనే తాగిన, నిలవడి,
వేడి తగ్గని దాని టాంకీ మీద చెయ్యి వెట్టి.